తొమ్మిదో తారీఖు అట్ట

"ఒక్కళ్లూ రాలేదండి," అంది హనుమాయమ్మ మూడోసారి.

మూడుసార్లూ అదే మాట, అదే గొంతు, చివర్న అదే చిన్న దగ్గు. ప్రైవేట్ డిటెక్టివ్ పద్మలతకు ఒళ్లు మండిపోయింది. పదిహేనేళ్లుగా ఆమె రకరకాల అబద్ధాలు వింటూనే ఉంది. కంఠతా పట్టి అప్పజెప్పే అబద్ధాన్ని మాత్రం ఎప్పుడూ సహించలేకపోయింది.

చైతన్యపురిలోని మేరుశిఖర హైస్కూల్ స్టాఫ్‌రూమ్‌లో గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి కృష్ణమణి విద్యా ట్రస్టు వాళ్లు స్కాలర్‌షిప్పుల జాబితా మీద సంతకాలు పెట్టేస్తారు. ఆ తర్వాత ఎవరు ఏం రుజువు చేసినా లాభం లేదు. ఇంటర్ నుంచి డిగ్రీ దాకా చదివించే ఆ స్కాలర్‌షిప్ పదకొండు మంది పిల్లల చేయి జారిపోతుంది.

ఆ పదకొండు మందీ ఎల్బీనగర్ అవతల ఒక గవర్నమెంటు బడిలో పదో తరగతి చదువుతున్నారు. అక్టోబరు తొమ్మిది ఆదివారం నాడు, సకల జనుల సమ్మెలో ఒక్క బస్సూ రోడ్డెక్కని రోజున, నడుచుకుంటూ ఇక్కడికి వచ్చి ట్రస్టు పెట్టిన ప్రతిభా పరీక్ష రాశామని అంటున్నారు. వాళ్ల టీచర్లు సమ్మెలో ఉన్నారు. వెంట వచ్చిన పెద్దవాళ్లు లేరు. మొన్న శుక్రవారం ఫలితాలొస్తే పదకొండు నంబర్ల ఎదురుగానూ ఒకటే మాట ఉంది: గైర్హాజరు.

శనివారం నాడు కొత్తపేట పండ్ల మార్కెట్ హమాలీ బిక్షమయ్య తన కూతురు అండాలును వెంటబెట్టుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో జిరాక్స్ షాపు పైనున్న పద్మలత ఆఫీసు మెట్లెక్కాడు. "మేడం, నా బిడ్డ పరీక్ష రాయకుంట రాసిన అన్నదంటే, గదే నిజమైతే, నేనే దాన్ని బడి మాన్పిస్త. గాని అది అబద్ధమాడదు. జర చూడున్రి," అన్నాడు. పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. పళ్లు బిగించుకుని కూర్చుంది. ఆ బిగింపు చూసే పద్మలత కేసు తీసుకుంది.

"టీచర్, ఆరో నంబరు గదిలో మీరే ఇన్విజిలేటర్. ఎన్నింటికి వచ్చారు?"

"తొమ్మిదిన్నరకండి."

"వెళ్లింది?"

"పన్నెండున్నరకి."

"ఒక్క పిల్ల కూడా రాని గదిలో మూడు గంటలు ఏం చేశారు?"

హనుమాయమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. యాభై దాటిన మనిషి. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల బళ్లలో లెక్కలు చెబుతోంది. "కూర్చున్నానండి. రూలు కదా."

"జవాబు పత్రం పైన పేరు చీటీ ఉంటుంది. రాసిన ప్రతి పిల్ల చీటీ మీదా మీరు సంతకం చేయాలి. దిద్దేవాళ్లకు పేరు తెలియకుండా తర్వాత ఆ చీటీ చింపి వేరే కవర్లో పెడతారు. అంతేనా?"

"అంతేనండి."

"ఆ రోజు మీరు ఎన్ని చీటీల మీద సంతకం పెట్టారు?"

"ఎవరూ రానప్పుడు ఎక్కడ పెడతానండి? ఒక్కదాని మీదా పెట్టలేదు."

"ఆ మాటే రాసి ఇవ్వండి."

హనుమాయమ్మ రెండు వాక్యాలు రాసి కింద సంతకం చేసింది. పద్మలత ఆ చేతినే చూస్తోంది. డిటెక్టివ్ కాకముందు ఆమె సర్కారు లాబొరేటరీలో దస్తావేజులు, సంతకాలు పరీక్షించేది. హనుమాయమ్మ సంతకంలో 'హ' తలకట్టు గాలిపటంలా పైకి లేచి, కింద గీత వెనక్కి తిరిగి రెండు సున్నాలు చుట్టింది. అలాంటి సంతకం ఇంకొకరు పెట్టాలంటే నెల రోజులు సాధన చేయాలి.

"పాపం ఆవిణ్ణి వేధించడం అయిందా?"

గుమ్మంలో బాపిరాజు నిలబడి ఉన్నాడు. భీమవరం మనిషి, రిటైరైన డీఎస్పీ. ట్రస్టు తరఫున విచారణ చేసి, పిల్లలే అబద్ధమాడుతున్నారని రిపోర్టు ఇచ్చింది ఈయనే. ఆయన వెనకాలే మేరుశిఖర యజమాని గజేందర్ వచ్చాడు. తెల్ల చొక్కా, జేబు మీద జై తెలంగాణ బ్యాడ్జి.

"చూడమ్మాయ్," అంటూ బాపిరాజు ఒక పేపరు బల్ల మీద పరిచాడు. "పదో తారీఖు పేపరు. ఆదివారం ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. ముందు వరసలో ఎవరున్నారో చూడు. మీ పదకొండు మందీ! రాస్తారోకో మొదలైంది పదింటికి. పరీక్ష మొదలైందీ పదింటికే. ఒక పిల్ల రెండు చోట్ల ఉండదు."

"నాకు నలభై రెండేళ్లు. పేరు పద్మలత. అమ్మాయ్ అనకండి." ఆమె ఫొటో మీదికి వంగింది. పిల్లలు రోడ్డు మీద కూర్చుని నవ్వుతున్నారు. "వీళ్ల చేతుల్లో ఏమున్నాయి సార్?"

"ఏవో ప్యాకెట్లు. మజ్జిగ."

"పేజీ తిప్పండి. కింద మూల చిన్న వార్త ఉంది. పైకి చదవండి."

బాపిరాజు కళ్లజోడు సవరించుకున్నాడు. "'ఎల్బీనగర్ రాస్తారోకోలో మధ్యాహ్నం ఒంటిగంటకు మేరుశిఖర విద్యాసంస్థల అధినేత గజేందర్ ఉద్యమకారులకు మజ్జిగ ప్యాకెట్లు...'" గొంతు నెమ్మదించింది.

"పరీక్ష పన్నెండింటికి అయింది. ఇక్కణ్ణుంచి చౌరస్తా దాకా నడిస్తే ముప్పావుగంట. ఇంటికి పోయే దారిలో పిల్లలు ఎండకు ఆగారు. ఈయన పంచిన మజ్జిగే తాగారు. ఈ ఫొటో ఒంటిగంట తర్వాత తీసింది."

"ఒంటిగంటకు అక్కడున్నంత మాత్రాన పదింటికి ఇక్కడున్నట్టు కాదు," అన్నాడు బాపిరాజు.

"కాదు. కానీ పదింటికి వాళ్లు అక్కడున్నారని మీ రిపోర్టులో రాశారు. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసిన మనిషి పేపర్లో వెనక పేజీ తిప్పకుండా పదకొండు మంది పిల్లల్ని అబద్ధాలకోరుల్ని చేశారు."

బాపిరాజు మొహం కందగడ్డలా అయింది. హనుమాయమ్మ తల దించుకుంది. పద్మలత కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బయటికి నడిచింది.

స్కూలు వెనక సందులో తిరుపతమ్మ కుట్టుమిషను షాపు. తిరుపతమ్మ అండాలుకు మేనత్త. షాపు కిటికీకీ స్కూలు వెనక గోడకూ మధ్య నాలుగు అడుగులైనా లేవు. అండాలు మామిడిపండ్ల అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని పద్మలత కోసం ఎదురుచూస్తోంది.

ప్రతిభా పరీక్షలో రెండో భాగం ఉంది. విద్యార్థి తాను సొంతంగా చేసిన పరిశోధన గురించి ఒక పేజీ రాయాలి. అండాలు రాసింది దుమ్ము గురించి. పోస్టుకార్డంత తెల్ల అట్టముక్కకు పలుచగా వ్యాసెలీన్ పూసి కిటికీ బయట చువ్వకు కట్టేది. రోజూ సాయంత్రం ఆరింటికి తిరుపతమ్మ దాన్ని విప్పి కొత్తది కట్టేది. విప్పిన అట్ట మీద పారదర్శకమైన కవరు తొడిగి తారీఖు వేసి, అంటుకున్న దుమ్ము నలుసుల్ని అండాలు భూతద్దంతో లెక్కపెట్టేది. పరీక్షలో అప్పటిదాకా తేలింది రాసినా, ఆ తర్వాత కూడా ఆపలేదు. సమ్మె మొదలైన రోజు నుంచి ఆగిన రోజు దాకా నలభై రెండు రోజులకు నలభై రెండు అట్టలు.

"బస్సులు బంద్ అయితే దుమ్ము తగ్గుతదనుకున్న మేడం," అంది అండాలు. ఆ పిల్ల గొంతు విప్పి మాట్లాడడం పద్మలత వినడం అదే మొదటిసారి. "తగ్గలే. ఆటోలు, జీపులు రెండింతలైనయ్. పొగ ఇంకా పెరిగింది. గదే రాసిన. సార్లు గూడ లేరు, నేనే రాసుకున్న. గట్ల రాసినదాన్ని రాయలేదు అంటరా?"

ఆఖరి మాటకు పిల్ల గొంతు వణికింది. ఏడుపుతో కాదు.

పద్మలత ముందు అట్టల జోలికి పోలేదు. తిరుపతమ్మ షాపు మెట్టెక్కి గోడ మీదుగా స్కూలు పెరట్లోకి తొంగిచూసింది. నీళ్ల సంపు, విరిగిన బెంచీలు, పాచి పట్టి నల్లబడ్డ పాత గోడ. ఒక్క మూలలో మాత్రం బారెడు వెడల్పున కొత్త సున్నం తెల్లగా మెరుస్తోంది. ఆమె గోడ మీదికి వంగి, లోపలికి చెయ్యి చాచి తాళంచెవితో ఆ సున్నం గీకింది. పొర కింద మసి ఉంది.

"తిరుపతమ్మా, ఈడ ఎప్పుడన్న మంట పెట్టిన్రా?"

"పెట్టిన్రు మేడం. పిల్లలు పరీక్ష రాసిన తెల్లారి, సోమారం. పొద్దుగాల తొమ్మిదైతుండె. కాయితాలు కాలిన వాసన గుప్పుమన్నది. కుట్టిన జాకెట్లకు మసి అంటుతదని కిటికీ మూసిన. మల్ల వారానికి సున్నమేసిన్రు."

సోమవారం తొమ్మిది. పద్మలత మనసులో గంటలు లెక్కవేసుకుంది. రాస్తారోకో వల్ల ఆదివారం బండి రాలేదనీ, సోమవారం సాయంత్రం నాలుగింటికి ట్రస్టు వ్యాను వచ్చేదాకా కవర్లన్నీ గజేందర్ బీరువాలోనే ఉన్నాయనీ బాపిరాజు రిపోర్టులోనే రాశాడు.

"అండాలూ, తొమ్మిదో తారీఖు సాయంత్రం కట్టిన అట్ట తియ్యి."

పిల్ల వేళ్లు వరసగా అట్టల మీద నడిచి ఒకదాని దగ్గర ఆగాయి. వెనక పక్క గుండ్రటి అక్షరాలతో '9 సా. 6 నుంచి 10 సా. 6' అని ఉంది. ముందు పక్కన మామూలు దుమ్ము మీద నల్లటి మసి రేకులు అంటుకుని ఉన్నాయి. "ఈ అట్టను లెక్కలో కలుపలేదు మేడం. ఎవరో చెత్త కాలవెట్టిన్రు, లెక్క తప్పుతదని పక్కకు వెట్టిన," అంది అండాలు.

పద్మలత భూతద్దం తీసింది. మసి రేకుల మధ్య చిటికెనవేలి గోరంత కాగితం ముక్క పూర్తిగా కాలకుండా వ్యాసెలీన్‌లో ఇరుక్కుపోయి ఉంది. అంచులు గోధుమరంగుకు మాడాయి. మధ్యలో పేరు చీటీల మీద ఉండే ఎర్రగీత. గీత పైన నీలం సిరా. గాలిపటంలా లేచిన తలకట్టు. వెనక్కి తిరిగిన గీత, చుట్టుకున్న రెండు సున్నాల్లో ఒకటి.

ఆమె ఆ అట్టను కవరుతో సహా సంచిలో పెట్టుకుంది.

"మిగతా అట్టలు జాగ్రత్త," అంది. "ఈ ఒక్కటే ఉంటే, నిన్న తయారు చేసిన్రు అంటరు. నలభై రెండూ వరసగా ఉంటే ఎవ్వడూ అనలేడు. పెట్టె నీ ఒళ్లో నుంచి కదలనీయకు."

పద్ధతి ప్రకారం ఆమె అక్కణ్ణుంచి నేరుగా తాను మునుపు పనిచేసిన లాబొరేటరీకి పోవాలి. తెలిసిన ఆఫీసరు చేత రెండు సంతకాలూ ఒకటేనని రాయించుకుని నాలుగు లోపల ట్రస్టు ఆఫీసులో ఇవ్వాలి. స్కూటర్ స్కూలు గేటు ముందు ఉంది. తీసుకోవడానికే వెళ్లింది. అక్కడ గజేందర్ ఎదురుపడ్డాడు. పక్కన బాపిరాజు ఉన్నాడు.

"ఏంది మేడం, అయిపోయిందా తనిఖీ?" గజేందర్ నవ్వాడు. "మనోళ్లే గదా అని చెప్తున్న, ఇనుండ్రి. గా పోరగాండ్లు జెండలు పట్టుకొని తిరిగిన్రు. పరీక్షలంటే బస్తీ పోరగాండ్లకు ఆటలెక్క. ఉద్యమం పేరు చెప్పి సదువు ఎగ్గొట్టి, ఇప్పుడు నా బడి మీద పడ్తున్నరు. నేను ఉద్యమానికి టెంట్లేసినోన్ని. మన పిల్లలకు నేను అన్యాలం చేస్తనా?"

కోపమొస్తే పద్మలత మాట పూర్తిగా తాను పుట్టి పెరిగిన మీర్‌పేట మాటైపోతుంది. "మన పిల్లలా? గా మాట అనేటందుకు నీకు నోరెట్ల ఒచ్చింది? ఒంటిగంటకు మజ్జిగ తాపిచ్చి, తెల్లారి తొమ్మిదింటికి వాళ్ల కాయితాలు కాలవెట్టినవ్!"

అట్టను తీసి అతని మొహం ముందు పెట్టింది. తీసినాక గాని తానేం చేసిందో ఆమెకు తెలియలేదు.

బాపిరాజు వంగి చూశాడు. "ఏమిటిది?"

"దుమ్ము అట్ట. కాలిన పేరు చీటీ ముక్క దీని మీద పడ్డది. టీచర్ సంతకంతో సహా. ఒక్కరూ రాకపోతే ఈ సంతకం ఎక్కణ్ణుంచొచ్చింది డీఎస్పీ గారూ?"

"ఒక్క అట్టముక్క సాక్ష్యమవదు."

"ఒక్కటి కాదు. నలభై రెండున్నయి. మిగతయన్ని ఆ పిల్ల దగ్గర వెనక సందులనే ఉన్నయి. మీ కండ్ల ముందు. మీ విచారణలో ఎప్పుడన్న వెనక గోడ చూసిన్రా?"

గజేందర్ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్లిపోయాడు. బాపిరాజు దెబ్బ తిన్న మనిషిలా పక్కకు జరిగి, జేబులోంచి ఫోన్ తీసి, గేటు బయటికి నడిచాడు. పదకొండూ ఇరవై అయింది.

స్కూటర్ స్టాండు తీయబోతుండగా మెట్ల మీద నుంచి హనుమాయమ్మ పిలిచింది. గొంతులో ఇందాకటి పాఠం లేదు.

"వచ్చారండి. పదకొండు మందీ వచ్చారు."

పద్మలత స్కూటర్ వదిలి మెట్ల దగ్గరికి నడిచింది.

"నడిచొచ్చి చెమటతో తడిసిపోయున్నారు. మంచినీళ్లు అడిగితే బిందెతో నేనే ఇచ్చాను. ఆ అండాలు చెప్పు తెగింది. పిన్నీసు అడిగితే నా చీరది తీసిచ్చాను. అందరి చీటీల మీదా సంతకం పెట్టాను." ఆమె కళ్లు తుడుచుకోలేదు, అవి కారుతూనే ఉన్నాయి. "సోమవారం పొద్దున ఎనిమిదింటికి గజేందర్ గారు పిలిపించారు. పాత చీటీలు తీసేసి, అదే జవాబు పత్రాలకు మా బడి పిల్లల పేర్లతో కొత్త చీటీలు నా చేతే రాయించారు. మా పిల్లలు రాసిన కాగితాలు, ఆ పాత చీటీలు కలిపి మంటలో వేశారు."

"మీరెందుకు రాసిన్రు?"

"నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన బీరువాలో ఉన్నాయండి. అది ఒకటి. ఇంకోటి..." గొంతు తగ్గింది. "'తెలంగాణ పిల్లల్ని ఆంధ్రా టీచరమ్మ గదిలోకి రానీయలేదని బయట ఒక్క మాట చెప్తే మీ ఇంటి ముందు ఏం జరుగుతదో తెలుసా' అన్నారు. మావారు పక్షవాతంతో మంచం మీదున్నారు. భయపడ్డానండి."

పద్మలతకు ఆమెను తిట్టాలనిపించింది. నోట్లోకి వచ్చిన మాటను ఆపుకుంది. ఉద్యమాన్ని జేబు మీద బ్యాడ్జిలా పెట్టుకుని, దాన్నే కత్తిలా ఈమె మెడ మీద పెట్టినవాడి మీద కోపం అంతకంటే పెద్దది.

"ఇందాక రాసిచ్చిన కాగితం అబద్ధమని ఇంకో కాగితం రాయండి. ఈ వివరమంతా పెట్టండి. ఇప్పుడే."

హనుమాయమ్మ మెట్ల మీదే కూర్చుని రాసింది. రెండు పేజీలయ్యాయి. సంతకం దగ్గరికొచ్చేసరికి పన్నెండూ పది.

అప్పుడే తిరుపతమ్మ టేపు మెడలోనే వేలాడుతుండగా గేటు తోసుకుని పరుగెత్తుకొచ్చింది.

"మేడం, పిల్ల మీ తాన్కి ఒచ్చిందా?"

"లేదు. ఏమైంది?"

"కారొచ్చింది. ట్రస్టోళ్లమని చెప్పిన్రు. లెటరు గూడ చూపిచ్చిన్రు. తప్పయింది, మల్ల పరీక్ష పెడ్తమన్నరు, అట్టలన్నీ పట్టుకొని రమ్మన్నరు. అది సంబురంగ ఎక్కి పోయింది. మీకు చెప్పే పంపిన్రేమో అనుకున్న. మీకు తెల్వదా?"

"ఎంతసేపైంది?"

"అర్ధగంటైతది."

గోడకు ఈ పక్క తను నిలబడి ఒక టీచరమ్మ చేత కాగితం రాయించుకుంటుంటే, ఆ పక్క నుంచి పిల్లను తీసుకుపోయారు. అట్టల మాట బయట ఎవరికీ తెలియదు. గంట కింద ఇదే గేటు ముందు, కోపం ఆపుకోలేక, తన నోటితో తానే చెప్పింది.

ఆమె వెనక్కి తిరిగింది. బాపిరాజు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ముక్కు మీద చెమట పట్టింది.

"ఎవరికి ఫోన్ చేసిన్రు?"

"అది నా డ్యూటీ. విచారణలో కొత్త విషయం బయటపడితే పై వాళ్లకి..."

"ఎవరికి?"

ఆయన జవాబు చెప్పేలోపు పద్మలత సంచిలో ఫోన్ మోగింది. ఇరవైనాలుగుతో మొదలయ్యే లాండ్‌లైన్ నంబరు.

"మేడం?" అండాలు గుసగుస. "గీడ పరీక్ష ఏం లేదు మేడం."

"ఎక్కడున్నవ్ బిడ్డా?"

"పెద్ద ఇల్లు. ఏడనో తెల్వదు. ఒక పిల్లగాడున్నడు, రవితేజ. ఫస్టు ర్యాంకట. మూడింటికి ఆయనను పెద్ద సార్లు ప్రాజెక్టు మీద ప్రశ్నలడుగుతరట. నలుసులు ఎట్ల లెక్కపెట్టిన, వ్యాసెలీన్ ఎంత పూసిన, అన్నీ నన్ను చెప్పమంటున్నరు. ఆయన రాసుకుంటుండు. మేడం, గది నా ప్రాజెక్టు!" పిల్ల గొంతు ఒక్కసారి పెరిగి మళ్లీ తగ్గింది. "నేను చెప్ప అన్న. చెప్పకుంటే అట్టలు పొయ్యిల వేస్తమంటున్నడు ముసలాయన. గా పిల్లగాడు ఆయనను తాతయ్యా అంటుండు."

ఎవరో తలుపు తీసిన చప్పుడయింది. లైను తెగింది.

పద్మలత ఫోన్ తెరను బాపిరాజు కళ్ల ముందు పెట్టింది. ఆయన ఆ నంబరు చూశాడు. తన ఫోన్ తీసి, పదకొండూ ఇరవైకి చేసిన కాల్ చూశాడు. రెండు నంబర్లూ ఒకటే.

"వెంకటేశ్వరరావు గారి ఇల్లు," అన్నాడు. "మా ట్రస్టు సెక్రటరీ. ఆయన మనవడు ఈ బడిలోనే చదువుతున్నాడు. నాకీ విచారణ అప్పగించింది ఆయనే. మూడింటికి ప్రశ్నలడిగే కమిటీకి అధ్యక్షుడూ ఆయనే."